జడ్జిగారు ఖాళీగా పంపిన గిన్నె

పునర్వసు కార్తె. ఆటు మొదలైంది.

తూర్పు తాడు బిగువు బాగుంది. పడమటి తాడుకి నాచు పట్టింది, గీకాను. బ్యాటరీ సగానికి పైనే ఉంది. ఉప్పు తీసే మర మూలుగుతోంది కానీ నీళ్ళిస్తోంది.

ఈ చిట్టాలో తాళ్ళ గురించీ లంగర్ల గురించీ తప్ప ఇంకేమీ రాయొద్దని రేవు మండలి వారి ఉత్తర్వు. "పాండురంగం గారూ, మీ చిట్టా చదవాలంటే ఒక పూట సెలవు పెట్టాల్సొస్తోందండీ" అని పోయిన ఏడు అక్కడి గుమాస్తా ఒకడు విసుక్కున్నాడు కూడా. చదవమని నేనేమైనా బొట్టు పెట్టి పిలిచానా? కొత్తలంక మొత్తంలో తెప్ప చిట్టా మానకుండా రాసేది నేనొక్కణ్ణే. మిగతా వాళ్ళు "అంతా బాగుంది" అని గిలికి పారేస్తారు. ఇల్లు నీళ్ళ మీద తేలుతున్నవాడికి అంతా ఎప్పుడు బాగుంటుందండీ?

ఇవాళ మాకు కొత్త పొరుగు వచ్చింది. ఏడాదికోసారి, రేవులో తెప్పల్ని లాగే సరంగు మర, మాది తప్ప మిగతావన్నిటినీ విప్పి, బరువులు చూసుకుని, తనకు తోచిన వరసలో మళ్ళీ కడుతుంది. పోయినేడు మా పక్కన ఒక సన్నాయి మేళం వారిని కట్టింది, ఆ కష్టం పగవాడికి కూడా వద్దు. ఈసారి ఒక పెద్దావిడ తెప్ప వచ్చింది. పేరు మోపిదేవమ్మ. తెప్ప మీద గోంగూర మడి ఒకటి, బాతులు రెండు, ఇంటి ముందు ఒక నులక మంచం. మొగుడు కోటిలింగం పోయిన చలికాలంలో పడవ బోల్తాపడి పోయాడట.

రెండు తెప్పల మధ్య బల్ల వెయ్యగానే ఆవిడ నడుం మీద చెయ్యేసుకుని నీళ్ళకేసి చూసి, "అత్తగారివాళ మంచి ఊపు మీదుంది" అంది.

అత్తగారు కూడా ఉందేమోనని వాళ్ళ ఇంట్లోకి తొంగి చూశాను. "అటు కాదు బాబూ, ఇటు" అని సముద్రం చూపించింది. "కాపురానికొచ్చిన కాడ్నించీ సాధిస్తానే ఉంది. ఆఖరికి మా ఆయన్నీ మింగేసింది. పోనీ కాదందామా అంటే నాలుగు వేళ్ళూ నోట్లోకి పోయేది ఆవిడ పుణ్యానే. అత్తగారనక ఇంకేమనాలి?"

నాకీ మనిషి నచ్చింది. మా ఆవిడకి నాకన్నా ముందే నచ్చింది.

పుష్యమి కార్తె. పోటు.

తాళ్ళు బాగున్నాయి. లంగరు గొలుసు కొంచెం తుప్పు పట్టింది. అది సర్కారు లంగరు కాబట్టి సర్కారుకే రాశాను.

మాది సర్కారు లంగరు ఎందుకైందంటే, మా ఆవిడ నాంచారి రాష్ట్ర జడ్జి. జడ్జి పదవిలో ఉన్నన్నాళ్ళూ ఆ తెప్పని ఎవరూ కదపకూడదు. మిగతా వాళ్ళందరికీ ఊరుమ్మడి లంగర్లే. అవి ఏడాదికేడాది అరిగిపోతూ ఉంటాయి. చిత్త, స్వాతి కార్తెల్లో వాయుగుండాలు రాకముందే, లంగర్లు ఎన్ని తెప్పల్ని మొయ్యగలవో లెక్కతేల్చి, వరసలో ఆఖరివాళ్ళ తాళ్ళు విప్పి ఏటిపాయలోకి పంపుతారు. అక్కడంతా మడచెట్లు, బురద, దోమలు. తెప్ప గుంజలకి కట్టుకుని ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూచోవాలి. అందుకే కొత్తలంకలో తగువులన్నీ తాడు తగువులే.

ఆ ఏటిపాయలోనే నాంచారి మొదటి ఉద్యోగం. అప్పుడావిడ కొత్త మున్సిఫు. కోర్టు పడవ నడిపేది నేను. ఒకరోజు కట్టకూడని గుంజకి పడవ కట్టానని, సొంత పడవవాణ్ణని కూడా చూడకుండా, వారం రోజులు రేవు మెట్ల మీద నాచు గీకమని శిక్ష వేసింది. నేను తిట్టుకుంటూ గీకుతుంటే మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని వచ్చి పక్కన కూచుంది. "శిక్ష శిక్షే, అన్నం అన్నమే" అంది. అంతే, నేను మునిగాను. ఇన్నేళ్ళైనా తేలలేదు.

మా కోర్టుల్లో కక్షిదారుల పేర్లుండవు. తెర వెనక కూచుంటారు, అక్కణ్ణించి జడ్జి ఎవరో వాళ్ళకీ కనపడదు. తెర వాళ్ళ గొంతు మార్చేసి అందరికీ ఒకటే గొంతు ఇస్తుంది, జలుబు చేసిన పంతులుగారి గొంతు. తగువు కోర్టులో ఉన్నంతకాలం ఎవరికీ చెప్పుకోమని కక్షిదారులు కూడా ప్రమాణం చేస్తారు. ఇన్ని చేసినా తెర వెనకున్నది ఎవరో జడ్జికి తెలిసిపోతే, వెంటనే "గుర్తుపట్టాను" అని పైకి అనాలి. ఆ ఒక్క మాటతో కేసు ఇంకో జడ్జికి వెళ్ళిపోతుంది. దానికి పరీక్ష లేదు, మర లేదు. జడ్జి నోరే కాపలా. మా పిల్లకాయలు దాగుడుమూతలాడినా దొరికినవాణ్ణి పట్టుకుని "గుర్తుపట్టాను!" అనే అరుస్తారు. నాంచారి ఒకసారి ఒకాయన్ని దగ్గు బట్టి పోల్చుకుని ఆ మాట అనేసి ఇంటికొచ్చింది. ఆ పూట ఎంత గర్వమో ఆవిడకి!

ఇక మోపిదేవమ్మ సంగతి. బల్ల వేసిన మర్నాడే గోంగూర రొయ్యలు పంపింది, మూతకి సొట్టపడిన స్టీలు గిన్నెలో. మనం ఖాళీ గిన్నె పంపం కదా, నేను నాచు పకోడీలు వేసి పంపాను. ఆవిడా ఖాళీ గిన్నె ఉంచుకోదు కదా, బాతుగుడ్ల పులుసు వచ్చింది. అది మొదలు ఆ గిన్నె బల్ల మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. కోర్టు నుంచి రాగానే నాంచారి చెప్పులు విప్పకుండానే "అక్క ఏం పంపింది?" అని అడుగుతుంది. సాయంత్రాలు ఇద్దరూ నులక మంచం మీద కూచుని కాళ్ళు నీళ్ళలో ఆడిస్తూ నవ్వుకుంటారు. ఊళ్ళో అందరూ మా ఆవిణ్ణి జడ్జిగారూ అంటారు. మోపిదేవమ్మ మాత్రం "ఏమే చెల్లీ" అంటుంది. ఆ పిలుపుకి నాంచారి మొహం విచ్చుకోవడం చూస్తే నాకు కొంచెం కుళ్ళుగా కూడా ఉంటుంది.

ఆశ్లేష కార్తె. గాలి పడమర నుంచి.

తాళ్ళు బాగున్నాయి.

ఇవాళ కోర్టు నుంచి వచ్చి నాంచారి గిన్నె గురించి అడగలేదు. చేపల పులుసు వడ్డించాను. రెండు ముద్దలు కెలికి ఊరుకుంది.

"ఉప్పెక్కువైందా?" అన్నాను.

"లేదండీ, బాగుంది."

మా ఆవిడ నా వంట బాగుందందంటే ఏదో కొంప మునిగిందనే అర్థం. ఈ ఇరవై ఏళ్ళలో ఆవిడ నోటి నుంచి వచ్చిన పెద్ద మెచ్చుకోలు "తినొచ్చు". కోర్టు సంగతులు నేనడగను, ఆవిడ చెప్పదు. అది మా ఒప్పందం. అడక్కుండా ఉండటానికి ఇవాళ నాలుక కరుచుకోవాల్సి వచ్చింది.

సాయంత్రం ఒక తెప్పని విప్పారు. ఉత్తరం చివర ఉండే రేవతి, బాలయోగి వాళ్ళది. పెళ్ళై రెండేళ్ళు, పాలు తాగే పిల్ల. పోయిన వేసవిలో వాళ్ళ తెప్ప కింది డ్రమ్ముల పగుళ్ళకి నేనే మైనం పూశాను. తాడు తీర్పు ఏదో వచ్చిందట, ఎవరి తెప్పో ఉండొచ్చని తేలిందట. ఒకరు ఉంటే వరసలో ఆఖరివారు కదలాలి. వీళ్ళ వంతు వచ్చింది. సరంగు మర లాక్కెళ్తుంటే ఆ పిల్ల తల్లి చంకలో కూచుని మాకందరికీ చెయ్యి ఊపింది, ఊరేగింపు అనుకుంది కాబోలు.

నాంచారిని చూడ్డానికి రమ్మన్నాను. రాలేదు. తలుపు దగ్గరికి వేసుకుంది.

మఖ కార్తె. పోటు ఎక్కువ.

పడమటి తాడు మార్చాను. మిగతావి బాగున్నాయి. అంటే తాళ్ళు బాగున్నాయి, మనుషులు బాగాలేరు.

పొద్దున్నే మోపిదేవమ్మ గిన్నె నిండా బూరెలు తెచ్చింది. పైన నెయ్యి కూడా! నీళ్ళ మీద బతికేవాళ్ళకి నెయ్యి అంటే మాటలా?

"ఏంటమ్మా విశేషం?" అన్నాను.

"ఏదో మొక్కులే బాబూ. అత్తగారు ఈ యేటికి నన్ను గెంటేయకుండా ఉంచుకుంది, అంతే" అని కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

నాంచారి ఆ గిన్నెని పామును చూసినట్టు చూసింది. ఒక్కటీ ముట్టలేదు. నేను మొహమాటం లేకుండా తిన్నాను. తర్వాత ఆవిడే గిన్నె తోమింది, తుడిచింది, మూత పెట్టింది. నేను పకోడీలు వేయించడానికి నూనె పెడుతుంటే స్టవ్ కట్టేసింది.

"అదేంటి? గిన్నెలో ఏం వేస్తావు?"

"ఏం వెయ్యను."

"ఖాళీ గిన్నె పంపుతావా? మతి పోయిందా నీకు?"

"ఇవాల్టికి ఖాళీగానే వెళ్ళనివ్వండి" అని తనే పట్టుకెళ్ళి ఆవిడ చేతికిచ్చి వచ్చేసింది.

నేను లోపలే ఉన్నాను. మూత తీసిన చప్పుడు వినపడింది. ఆ తర్వాత కొత్తలంక కొత్తలంకంతా వినపడింది.

"ఏమే చెల్లీ! నా చేతి వంట చేదైందా నీకు? మీ తెప్ప మీద పంచదార కూడా అయిపోయిందా? మా అమ్మ పోయిన రోజున కూడా ఎదురింటోళ్ళ గిన్నెలో చిటికెడు పంచదార వేసి పంపామే! నేనేం పాపం చేశానని ఖాళీ గిన్నె నా మొహాన కొట్టావు? అడుక్కోడానికొచ్చానా నీ ఇంటికి? జడ్జీ అయితే నీకు నువ్వే, నేను కూడా పుట్టినూరున్న దాన్నే!"

నాంచారి బల్లకి ఇవతల నిలబడి ఉంది. పెద్ద పెద్ద వకీళ్ళ నోళ్ళు మూయించిన మనిషి, ఒక్క మాట తిరిగి అనలేదు. మోపిదేవమ్మ ఏడుస్తూనే బల్ల లాగేసుకుంది. చుట్టుపక్కల తెప్పల మీద జనం వంటలు మానేసి చూస్తున్నారు.

మఖ కార్తె ఆఖరు. చినుకులు.

తాళ్ళు చూడలేదు. రేపు చూస్తాను.

మన జనం సంగతి తెలిసిందే. ఆకలేస్తే ఓర్చుకుంటారు కానీ సంగతి తెలియకపోతే ఓర్చుకోరు. జడ్జిగారు ఖాళీ గిన్నె ఎందుకు పంపారు? రెండు రోజులు ఊరంతా ఇదే. పోట్లాడుకున్నారా అంటే లేదు. మొన్న మొన్నటి దాకా ఒకే మంచం మీద కూచున్నారు. మోపిదేవమ్మ తాడు తగువు గెలిచిందనీ, ఆ తీర్పు మా ఆవిడదేననీ కూడా బయటికి పొక్కింది. గెలిచాక ప్రమాణం ఉండదు కదా. అప్పుడెవరికో వెలిగింది. కక్షిదారు నుంచి తీసుకోవడం, కక్షిదారుకి ఇవ్వడం జడ్జికి నిషేధం. ఆవిడ కక్షిదారని తెలియకపోతే జడ్జిగారు గిన్నె నింపే పంపేవారు. ఖాళీగా పంపారంటే తెలుసన్న మాట. మరి తెలిస్తే ఆ మాట కోర్టులో ఎందుకనలేదు? ఎవరో రాజధానికి ఫిర్యాదు పంపారు. "కంచే చేను మేసింది" అని నేను నీళ్ళకి వెళ్ళినచోట ఒకడు అన్నాడు. వాడి బకెట్టు సముద్రంలో పడింది. నా మోచెయ్యి తగిలి పడింది, ఏం చెయ్యను.

నోటీసు ఇవాళ వచ్చింది. నాంచారి చదివి మడిచి, నన్ను కూచోమంది.

"నిజమేనండీ. గుర్తుపట్టాను."

"ఎలా? గొంతు మారుస్తారుగా!"

"గొంతు మార్చారు. మాట మార్చలేదు. 'అత్తగారు అలిగితే మా తెప్ప ఆ పాయలో ఆగదయ్యా' అంది. ఇంకెవరంటారండీ ఆ మాట? నవ్వొచ్చింది నాకు. నవ్వాపుకున్నాను. ఆ నవ్వాపుకున్నప్పుడే చెప్పాల్సింది. పక్క బెంచీ జడ్జి సంగతి మీకు తెలుసు, మొగుడు పోయిన వాళ్ళ తాళ్ళు కోసెయ్యడమే ఆయన పని. అక్క ఏటిపాయకి పోతుందనిపించింది. నోరు మూసుకున్నాను."

"తీర్పు తప్పా?"

"తప్పు కాదనే అనుకుంటున్నా. లంగరు హక్కు మొగుడి పేరునుంది కాబట్టి ఆయనతో పోయిందన్నది రేవు మండలి. హక్కు మనిషిది కాదు, తెప్పది అని రాశాను. చట్టంలో దానికి ఆధారం ఉంది. కానీ తెర వెనక మోపిదేవక్క కాకుండా ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి ఉండుంటే అలాగే రాసేదాన్నా? అది నాకు తెలీదండీ. ఎంత ఆలోచించినా తెలీడం లేదు. ఆ సాయంత్రం రేవతి వాళ్ళని లాక్కుపోతుంటే మీరు పిలిచారు చూడండీ, అప్పుడు తెలిసింది నేనేం చేశానో."

నేను లేచి రెండుసార్లు అటూ ఇటూ తిరిగాను. మా తెప్ప మీద తిరగడానికి అంతకన్నా చోటు లేదు.

"ఒక పని చేద్దాం. గిన్నె నేను పంపానని చెప్తా. బద్ధకించి ఖాళీగా పంపాను, మా ఆవిడకేం తెలీదు అంటా. నేను బద్ధకస్తుణ్ణంటే ఊళ్ళో చీమ కూడా నమ్ముతుంది."

నాంచారి నవ్వింది. ఇన్నాళ్ళకి మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. దగ్గరికి తీసుకుని వీపు నిమరడం తప్ప నాకింకేం చేతనవుతుంది? ఈ మనిషిని ఎవరైనా ఒక్క మాటంటే వాళ్ళ తెప్పకి చిల్లు పెట్టాలన్నంత కోపంగా ఉంది నాకు. ఆవిడ తప్పు చేసిందని తెలిసి కూడా.

పుబ్బ కార్తె. ఎండ.

తాళ్ళు బాగున్నాయి. ఇంక ఎన్నాళ్ళు చూస్తానో తెలీదు.

విచారణాధికారి రుక్మాంగదరావు గారు రాజధాని నుంచి వచ్చారు. ఒకప్పుడు నాంచారి దగ్గర పని నేర్చుకున్న మనిషి. కుర్చీలో సరిగ్గా కూచోలేకపోయాడు పాపం. చెరువులో దిగిన పిల్లిలా ఉన్నాడు.

"మేడమ్ గారూ, ఉన్నది ఆ గిన్నె ఒక్కటే" అన్నాడు. "అది ఇంట్లో ఎవరో పొరపాటున ఖాళీగా పంపి ఉండొచ్చు. అలా జరిగే ఉంటుంది కదండీ?"

అంటే దారి చూపిస్తున్నాడు. నేను ముందు వరసలో కూచుని ఉన్నాను. చెయ్యెత్తాను. "అయ్యా, ఆ గిన్నె..." అన్నాను.

"మీరు కూచోండి" అంది నాంచారి, వెనక్కి తిరక్కుండానే. కోర్టులో ఆ గొంతుకి ఎదురు చెప్పినవాడు లేడు. కూచున్నాను.

"రుక్మాంగదం, రికార్డు తెప్పించు. పిటిషనరు ఏమన్నట్టు రాసుందో చదువు."

ఆయన వెతికి చదివాడు. "పిటిషనరుకు అత్తగారితో విభేదాలున్నవి. అత్తగారు అలిగిన పక్షంలో తెప్ప నిలవదని పిటిషనరు వాదన." హాలంతా నవ్వారు. తెరకి ఆ మాట అర్థం కాక అలాగే రాసుకుంది.

"ఇప్పుడు నా తీర్పు చదువు."

ఆయన చదువుతూ చదువుతూ మధ్యలో ఆగిపోయాడు. తీర్పులో అత్తగారు లేదు. "సముద్రం పోటెత్తిన పక్షంలో" అని ఉంది.

"అత్తగారంటే సముద్రమని నాకెవరు చెప్పారు?" అంది నాంచారి. "కోర్టులో ఎవరూ చెప్పలేదు. మా పక్క తెప్ప మీద నులక మంచం మీద కూచుని విన్నాను. ఆవిణ్ణి గుర్తుపట్టాను రుక్మాంగదం. ఆ రోజు పైకి అనలేదు, ఇవాళ అంటున్నా. ఆలస్యమైంది. రాసుకో."

ఆయన రాసుకోలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నాంచారే కాగితం తన వైపు తిప్పుకుని, పదవి నుంచి తొలగింపుకు తగిన తప్పే అని తన చేత్తో రాసి సంతకం పెట్టింది. మా ఇద్దరికీ ఒకళ్ళ సంతకం ఒకళ్ళకి కంఠతా వచ్చు. ఇవాళ ఆ సంతకం చివర తోక ఎప్పటికంటే వంకరగా వచ్చింది.

మఖలో పుట్టి పుబ్బలో పోయిందంటారు. మఖలో నోటీసు పుట్టింది, పుబ్బలో కొలువు పోయింది. ఇరవై ఏళ్ళ కొలువు. ఇంటికి వస్తుంటే పడవలో "ఆకలేస్తోంది" అంది. వేడి వేడి పకోడీలు వేశాను. "తినొచ్చు" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఉత్తర కార్తె. గాలి తూర్పుకి తిరిగింది.

మోపిదేవమ్మ తగువు మళ్ళీ మొదటి నుంచి విన్నారు. రాజధాని నుంచి కొత్త జడ్జి వచ్చాడు. ఈ నీళ్ళూ ఈ మనుషులూ ఎవరూ తెలియని మనిషి. తీర్పు ఇవాళ చదివారు. హక్కు మనిషిది కాదు, తెప్పది. మోపిదేవమ్మ తెప్ప ఉన్నచోటే ఉంటుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి గిన్నెలు ఎత్తెత్తి పెట్టాను.

"అదే తీర్పు! అక్షరం పొల్లు పోలేదు! ఇంతోటి దానికి నీ కొలువెందుకు పోయినట్టు? ఊళ్ళో ఇన్ని నోళ్ళెందుకు పడినట్టు?"

నాంచారి ఉల్లిపాయలు తరుగుతోంది. కత్తి ఆపి నాకేసి చూసింది. ఆ చూపులో కోపం లేదు. బడిలో మొద్దు పిల్లాణ్ణి చూసే పంతులమ్మ చూపు.

"ఇది తీర్పండీ. అప్పుడు నేను చెప్పింది నా ఇష్టం. రెండూ ఒకే మాటలైతే మాత్రం ఒకటే అవుతాయా?"

ఉల్లిపాయల ఘాటుకి నాకూ కళ్ళు మండాయి.

రేవు మండలి కాగితం కూడా ఇవాళే వచ్చింది. జడ్జి పదవి లేదు కాబట్టి సర్కారు లంగరు ఊరుమ్మడిలో కలుస్తుంది. దాంతో ఊళ్ళో ఒక తెప్పకి చోటు దొరికినట్టు. ఏటిపాయ నుంచి రేవతి వాళ్ళని వెనక్కి పిలిచారు. ఇన్నాళ్ళూ సర్కారు లంగరు మీదున్నాం కాబట్టి మాకు వరసలో చోటెక్కడా లేదు. వాయుగుండాలు రాకముందే మేము పాయకి వెళ్ళాలి. నలభై ఏళ్ళు తాళ్ళతో బతికినవాణ్ణి, నా తాడు నేనే విప్పుకోవాలి. సరే, కానివ్వండి.

హస్త కార్తె. ఆటు.

పొద్దున్నే తూర్పు తాడు విప్పుతుంటే పక్క తెప్ప నుంచి బల్ల పడిన చప్పుడైంది. మోపిదేవమ్మ. గిన్నె తేలేదు, ఏమీ తేలేదు. నాంచారి ఎదురుగా వచ్చి నిలబడింది.

"నా నోటి మూలాన నీ కొలువు పోయిందంటగా చెల్లీ."

"నీ నోటి మూలాన కాదక్కా. నా నోరు మూసుకోవడం మూలాన."

"ఖాళీ గిన్నె అంటే నాతో తెగతెంపులనుకున్నానే! నోటికొచ్చినట్టు తిట్టాను. ఊరందరి ముందూ తిట్టాను."

"తిట్టావు కాబట్టే బయటపడింది. లేకపోతే మూత పెట్టుకుని లోపలే కుళ్ళిపోయేదాన్ని."

ఇద్దరూ కౌగలించుకుని ఏడ్చారు. నేను తాడు ముడి మీద ఎంతో అవసరమైన పనేదో ఉన్నట్టు వంగి కూచున్నాను. నా పాత పడవ ఇంజనుతో తెప్ప కదిలాక మోపిదేవమ్మ తన తెప్ప అంచున నిలబడి సముద్రం మీద విరుచుకుపడింది. "ఓ అత్తా! నా చెల్లెల్ని జాగ్రత్తగా చూసుకోకపోయావో, నీ సంగతి చెప్తా!" నాంచారి కనుమరుగయ్యేదాకా నవ్వుతూ చెయ్యి ఊపింది.

మధ్యాహ్నానికి పాయ సముద్రంలో కలిసే మొగ దగ్గరికి చేరాం. ఎదురుగా రేవతి వాళ్ళ తెప్ప వస్తోంది. పాయలోకి కబుర్లేవీ రావు, చోటు దొరికింది రమ్మన్న కబురు తప్ప వాళ్ళకేమీ తెలీదు. రేవతి మమ్మల్ని చూసి గబగబా లేచి నిలబడింది. "జడ్జిగారా? ఇటొచ్చారేంటండీ?" అంది, సంబరంగా. బాలయోగి దణ్ణం పెట్టాడు. ఇద్దరూ చిక్కిపోయారు. చంకలో పిల్ల చేతుల నిండా దోమ కాట్లు, ఎర్రటి దద్దుర్లు.

"ఏవండీ, ఆపండి" అంది నాంచారి.

"ఇప్పుడెందుకు, పోటు మొదలైతే..." అన్నాను. ఆవిడ మొహం చూసి ఇంజను ఆపాను. రెండు తెప్పలూ పక్కపక్కకి వచ్చాయి.

"రేవతీ, ఆశ్లేషలో మీ తాడు విప్పించింది నేనే" అంది నాంచారి. "నాకు తెలిసిన మనిషి తగువు నేను వినకూడదు. విన్నాను. తీర్పు చెప్పాను. దాంతో మీ వంతొచ్చింది. అందుకే నన్ను తీసేశారు. నీకు ఇంకొకళ్ళు చెప్పేలోపు నేనే చెప్పాలని ఆపాను."

రేవతి మొహంలో నవ్వు ఆరిపోయింది. బాలయోగి ఏదో అనబోతే చేత్తో ఆపింది. రేవతి ఏమన్నా పడదామని నేను సిద్ధపడ్డాను. మా ఆవిణ్ణి అంటే ఊరుకోనని బకెట్టుల దాకా వెళ్ళిన నేను, ఇక్కడ నోరెత్తడానికి లేదని నాకే తెలుసు.

"పిల్లకి జ్వరమొచ్చింది" అంది రేవతి. "మందు లేదు. మూడు రాత్రులు ఒళ్ళో పెట్టుకుని కూచున్నా. బతకదనుకున్నా. ఎవరి మీద ఏడవాలో కూడా తెలీలేదమ్మా నాకు. ఎవరిదో తీర్పంట, ఎవరిదో తెప్పంట. ఇప్పుడు తెలిసింది."

"ఊఁ" అంది నాంచారి. క్షమించమని అడగలేదు. తల దించుకోలేదు కూడా. రేవతి మొహంలోకే చూస్తూ నిలబడింది.

మేము దూరం జరుగుతున్నాం. ఆటు వాళ్ళని అటూ నా ఇంజను మమ్మల్ని ఇటూ లాగుతున్నాయి. నాలుగు బారల దూరం పోయాక రేవతి పిల్లని మొగుడి చేతికిచ్చి, తెప్ప అంచు దాకా వచ్చి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని అరిచింది.

"అమ్మా! ఎడమ పక్క కట్టుకోకండి! పోటుకి ఆ గట్టు కూలిద్ది! కుడి పక్క మడచెట్ల సందులో మేం గుంజలు పాతాం! పీకలేదు, అలాగే ఉంచాం! వాటికి కట్టుకోండి!"

నాంచారి తెప్ప మీద చతికిలబడిపోయింది. విచారణ రోజున కూడా ఏడవని మనిషి, పిల్లదానిలా వెక్కి వెక్కి ఏడ్చింది. నేను ఇంజను వదలడానికి లేదు. ఒక చేత్తో చుక్కాని, ఒక చేత్తో ఆవిడ భుజం పట్టుకున్నాను.

కుడి పక్క కట్టాను. గుంజలు గట్టిగా ఉన్నాయి.